లినక్స్‌లో పాటల కలెక్షన్ సర్దడానికి ఏం వాడుతున్నారు?

పాటలపెట్టె:
పాత డిస్కుల్లోని పాటలన్నీ ఒకచోటికి చేర్చాను, ఎంపీ3లూ ఉన్నాయి ఫ్లాక్‌లూ ఉన్నాయి. ప్లేయర్‌లో తెరిస్తే ఒకే ఆల్బమ్ ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది, చాలా పాటలకు పేరు బదులు ట్రాక్ 01 అని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

నల్లతెర:
ముందు ఇంకో డిస్కులోకి మొత్తం కాపీ తీసుకోండి, అది అయ్యాకే మిగతాది. ముక్కలవడానికి మామూలుగా కారణం ఆల్బమ్ ఆర్టిస్ట్ ట్యాగ్ ఖాళీగా ఉండటమే (ట్యాగ్ అంటే పాట పేరు, పాడినవాళ్లు లాంటి వివరం ఫైలులోనే దాచే చోటు). ఒక్కో పాట ఒక్కొక్కరు పాడితే ఆర్టిస్ట్ ట్యాగ్ మారిపోతుంది, చాలా ప్లేయర్లు అది చూసి వేరే ఆల్బమ్ అనుకుంటాయి. అన్ని ఫైళ్లకూ ఆల్బమ్ ఆర్టిస్ట్ ఒకటే పెట్టండి, సంగీత దర్శకుడి పేరైనా పర్లేదు, వేరియస్ ఆర్టిస్ట్స్ అన్నా పర్లేదు, కలెక్షన్ అంతటా ఒకటే పద్ధతి ఉంటే చాలు. ట్యాగ్‌లు మార్చే ప్రోగ్రామ్ కిడ్3లో ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి ఒక్కసారే మార్చేయొచ్చు.

రాగమాలిక:
పేరు లేని పాటలకు మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ప్రోగ్రామ్ వాడండి. స్కాన్ నొక్కితే పాట ధ్వని నుంచే ఫింగర్‌ప్రింట్ (పాటను గుర్తుపట్టే ఆనవాలు) తీసి ఆన్‌లైన్‌లో వెతుకుతుంది, ఫైలు పేరు ఏదైనా సరే. కాకపోతే ఒకే పాట అసలు ఆల్బమ్‌లోనూ ఆ తర్వాత వచ్చిన హిట్స్ సంకలనాల్లోనూ ఉంటుంది కదా, దేనికి అతికించిందో కళ్లతో చూసుకోవాల్సిందే. అందుకే ఆల్బమ్ మొత్తం ఉంటే క్లస్టర్ చేసి (ఆ ఫైళ్లను ఒక గుంపుగా చేర్చి) లుకప్ నొక్కండి, విడి పాటలకు మాత్రం స్కాన్. సేవ్ కొట్టేదాకా ఫైలు మారదు, టెన్షన్ లేదు.

నల్లతెర:
టెర్మినల్ అలవాటుంటే కలెక్షన్ సర్దే బీట్స్ అనే ప్రోగ్రామ్ కూడా చూడండి. మామూలు సెట్టింగ్‌లో అది ఫైళ్లను తన ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటుంది, డిస్కులో చోటు చూసుకోండి.

అక్షరప్రియ:
ట్యాగ్‌లు తెలుగు లిపిలో పెట్టేవాళ్లు ఇది గమనించండి. ఎంపీ3 ట్యాగ్‌ల పద్ధతి ఐడీ3 మొదటి వెర్షన్‌లో పాట పేరుకు 30 బైట్లే, తెలుగుకు అది పనికిరాదు, 2.3 గానీ 2.4 గానీ ఉంచుకుని పాతది తీసేయండి. ఫైలు పేర్లకూ హద్దు ఉంది: లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, పైగా గుణింతాలూ పొల్లులూ విడివిడిగా లెక్కకొస్తాయి. పూర్తి పేరు ట్యాగ్‌లో ఉంచి, ఫైలు పేరు పొట్టిగా పెట్టడమే నయం.

పాటలపెట్టె:
ఆల్బమ్ ఆర్టిస్ట్ నింపగానే ముక్కలన్నీ కలిసిపోయాయి, చాలా థాంక్స్ అండీ! ఒక పాట గట్టిగా, ఇంకోటి మెల్లగా వినిపిస్తోంది, అన్నీ ఒకే స్థాయిలో వినిపించడానికి ఏం చేయాలి?

రాగమాలిక:
దానికి రిప్లేగెయిన్ అనే పద్ధతి ఉంది, ప్రతి పాటకూ శబ్దం ఎంత పెంచాలో తగ్గించాలో లెక్క అది. ఆర్‌ఎస్‌గెయిన్ అనే ప్రోగ్రామ్‌తో లెక్క కట్టించండి, ఆ లెక్కను ట్యాగ్‌లో రాస్తుంది తప్ప అసలు ధ్వనిని ముట్టుకోదు. ప్లేయర్‌లోనూ రిప్లేగెయిన్ ఆన్ చేయాలి.