న్యూక్లియర్ సబ్‌మెరైన్ కమాండర్ కావాలంటే ఏ దారిలో పోవాలి?

మాది తిరుపతి. మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, అణుశక్తితో నడిచే అటాక్ సబ్‌మెరైన్‌కి కమాండింగ్ ఆఫీసర్ కావాలని ఒకటే పట్టు. వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించినప్పుడు ఆ ఇరుకు పడకలు చూసి అక్క హడలిపోయింది, వీడు మాత్రం పెరిస్కోప్ పిడి వదల్లేదు. పైగా "ఇది డీజిల్‌ది మామా, రియాక్టర్ ఉంటే తిండి అయిపోయేదాకా పైకి రానక్కర్లేదు" అని నాకే పాఠం.

రష్యా నుంచి 2012లో లీజుకు తెచ్చుకున్న అణు సబ్‌మెరైన్ చక్ర 2021లో వెనక్కి వెళ్ళిపోయింది, 2024లో సొంతంగా రెండు కట్టడానికి కేంద్రం ఒప్పుకుంది కాబట్టి, తన టైమ్‌కి అవి రెడీ అవుతాయని వాడి లెక్క. (అరిహంత్ బాలిస్టిక్ క్షిపణులది, దాని గురించి అడగట్లేదు.)

ఇప్పుడు ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయించాలా, జేఈఈ మెయిన్ ర్యాంకుతో కేరళలోని ఎజిమల నేవల్ అకాడమీ బీటెక్ ఎంట్రీకి పంపాలా? ఓడ కమాండ్ ఎగ్జిక్యూటివ్ బ్రాంచి (ఓడ నడిపే, యుద్ధం చేసే విభాగం) వాళ్ళకే ఇస్తారు కదా, ఆ బ్రాంచి మనం అడిగితే ఇస్తారా, వాళ్ళే వేస్తారా? వాడికి కళ్ళద్దాలున్నాయి, అసలు టెన్షన్ అదే. ఇక్కడ కోచింగ్ వాళ్ళనడిగితే ఫీజు తప్ప ఇంకేం చెప్పట్లేదు. నేవీలో చేసినవాళ్ళుంటే కాస్త చెప్పండి సార్, చిత్తూరు వైపు వాళ్ళయితే వాణ్ణి తీసుకుని నేరుగా వచ్చి కలుస్తా.