సర్టిఫికెట్ ప్రకారం జెన్ ఎక్స్, అమ్మ లెక్కలో మిలీనియల్. ఇంతకీ నేనెవర్ని?

ఒంగోలు మాస్టారు

మొన్న మాకు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. వచ్చినాయన తెర మీద, పుట్టిన ఏడాదిని బట్టి తరాలు విడదీసిన ఒక పట్టిక వేశాడు. 1946–64 బూమర్లు, 1965–80 జెన్ ఎక్స్, 1981–96 మిలీనియల్స్, 1997–2012 జెన్ జీ. ఎవరు ఏ గుంపో చేతులెత్తమన్నాడు. నేను ఎత్తలేదు. నా టెన్త్ సర్టిఫికెట్‌లో 10-06-1980 అని ఉంటుంది. అమ్మేమో రౌద్రి నామ సంవత్సరం, మాఘమాసం అంటుంది. అంటే 1981 ఫిబ్రవరి. బళ్లో వేయడానికి ఐదేళ్లు నిండాలని అప్పటి మాస్టారు చేత్తో వేసిన తేదీ అది. మా బ్యాచ్‌లో చాలామంది అలా జూన్‌లో పుట్టినవాళ్లే! ఎనిమిది నెలల సర్వీసు ఎలాగూ పోయింది, ఇప్పుడు తరం కూడా మారిపోయిందా?

సరదాకి మొదలుపెట్టినా అడుగుతున్నది మాత్రం నిజంగానే. ఆ గీతలు ఎవరు గీశారు? వాటిని పట్టుకుని మన పిల్లల గురించి మాట్లాడొచ్చా? "జెన్ జీ పిల్లలు ఎనిమిది సెకన్లు దాటితే దేని మీదా నిలవరు" అన్నాడాయన. ట్రిపుల్ ఐటీ సీటు కోసం రాత్రి పదకొండు దాకా పుస్తకం వదలని పదో తరగతి పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు.

హైటెక్ సిటీ హెచ్ఆర్

మాస్టారూ, ట్రైనర్ తప్పు మాట్లాడితే అది ట్రైనర్ తప్పు, పట్టికది కాదు. నేను రోజూ ఇంటర్వ్యూలు చేస్తాను. 1985లో పుట్టినవాళ్లు జీతం గురించి అడగడానికి మొహమాటపడతారు. 2001లో పుట్టినవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే వర్క్ ఫ్రమ్ హోమ్ ఎన్ని రోజులని అడుగుతారు. ఈ తేడా నేను ఊహించుకున్నది కాదు. యవ్వనంలో ఏ సంఘటనలు చూశామన్నది మనిషిని జీవితాంతం వదలదని జర్మన్ సామాజికశాస్త్రవేత్త కార్ల్ మాన్‌హైమ్ 1928లోనే రాశాడు. ఏదో ఒకచోట గీత గీయకపోతే మాట్లాడుకోవడమెలా?

గణాంకం

హెచ్ఆర్ గారూ, 1985లో పుట్టిన మనిషి 2008లో ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు ఏం అడిగాడో కూడా మీ దగ్గర ఉంటే పోల్చండి. ఇప్పుడు మీ ముందు కూర్చునేవాళ్లలో ఒకరు నలభై ఏళ్లవారు, ఇంకొకరు పాతికేళ్ల దగ్గరివారు. ఇంటి లోను ఉన్నవాడికీ లేనివాడికీ ఉన్న తేడాకి మీరు తరం అని పేరు పెడుతున్నారు. వయసు వల్ల వచ్చిందా, కాలం మారడం వల్ల వచ్చిందా, పుట్టిన ఏడు వల్లనా? ఒక్క ఏడాది సర్వేతో ఈ మూడూ విడదీయడం కుదరదు. ఇప్పటి సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వయసు వస్తుంది కదా. రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది, ఇక విడిగా కొలవడానికి ఏం మిగులుతుంది?

మాస్టారు అడిగిన గీతల సంగతి. ఆ పట్టికలో గట్టి ఆధారం ఉన్నది ఒక్క బూమర్లకే. అమెరికాలో యుద్ధం అయ్యాక 1946లో పుట్టినవాళ్లు 34 లక్షలు, 1957కి 43 లక్షలు. ఏటా 40 లక్షలు దాటడం 1964తో ఆగిపోయింది. గ్రాఫ్ వేస్తే గుట్ట కనిపిస్తుంది, ఆ గుట్టకే పేరు పెట్టారు. మన దేశంలో ఆ గుట్టే లేదు. 1950ల్లో ఒక్కో తల్లికి సగటున దాదాపు ఆరుగురు పిల్లలు, అక్కడి నుంచి మెల్లగా దిగుడే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశం సగటు 2.0, తెలంగాణ 1.8, ఆంధ్ర 1.7. కాబట్టి మన వీధిలో "బూమర్ అంకుల్" అంటే తిట్టు మాత్రమే, జనాభా లెక్క కాదు.

మిగతా గీతలు కొంత ఆలోచించి, కొంత అందాజుగా గీసినవి. 1996 దగ్గర గీసింది అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ. 2001 సెప్టెంబర్ 11 దాడులు గుర్తుండే వయసు అన్నది వాళ్లు చూసుకున్న కారణాల్లో ఒకటి. న్యూయార్క్ పిల్లల జ్ఞాపకంతో మార్కాపురం పిల్లాడికి హద్దు వేశాం. అది పక్కా హద్దేమీ కాదని వాళ్లే రాసుకున్నారు కూడా. 2021లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఫిలిప్ కోహెన్, ఇంకో నూటయాభై మందికి పైగా పరిశోధకులు ఈ పేర్లు వాడటం మానేయమని ప్యూకి బహిరంగ లేఖ రాశారు. 2023లో ప్యూ కూడా ఇకపై జాగ్రత్తగా, అవసరమైతేనే వాడతామంది. మీ ట్రైనర్‌కి ఆ కబురు అందినట్టు లేదు.

2004 మోడల్

అంటే నేను జెన్ జీ కాదా? నిన్నటిదాకా ఆ పేరుతో నాలుగు తిట్లు తిన్నాను అన్నా, వాపసు ఇచ్చేయమంటారా?

గణాంకం

తమ్ముడూ, నీది ఇంకా చిత్రం. మిలీనియల్ అన్న పేరు పెట్టిన అమెరికా రచయితలు విలియం స్ట్రాస్, నీల్ హోవ్ ఆ తరాన్ని 1982లో మొదలుపెట్టి 2004 దాకా లాగారు. పేరు పెట్టినవాళ్ల లెక్కలో నువ్వు మిలీనియల్‌వి, మాస్టారు కాదు. జెన్ జీ తర్వాతి తరానికి ఆల్ఫా అన్నది ఆస్ట్రేలియాలో మార్క్ మెక్‌క్రిండిల్ అనే పరిశోధకుడు పెట్టిన పేరు, ఆయన 2010 నుంచి లెక్కేశాడు. ప్యూ పట్టికలో జెన్ జీ 2012 దాకా ఉంది. 2011లో పుట్టిన పిల్ల రెండిట్లోనూ ఉంటుంది. ఆధార్‌లో ఇలా రెండు చోట్ల ఉంటే ఊరుకుంటారా!

డాలస్ వాసి

నేను 1975, నెల్లూరు. ఇక్కడ ఆఫీసులో నన్ను జెన్ ఎక్స్ అంటారు. అంటే స్కూలు నుంచి మెడలో తాళంచెవితో ఖాళీ ఇంటికి వచ్చి, ఎంటీవీ చూస్తూ ఒంటరిగా పెరిగినవాళ్లట. మా ఇంటికి తాళం వేయడం నేను చూసిందే లేదు, నానమ్మ అరుగు మీదే ఉండేది. టీవీ అంటే పక్కింట్లో శుక్రవారం చిత్రలహరి, అదీ ముప్పై మందితో కలిసి.

తెనాలి పెద్దాయన

నాయనలారా, నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క మాట. మన భాషలో తరం అంటే పుట్టిన ఏడుతో పని లేదు. అది మెట్టు. తండ్రి ఒక మెట్టు, కొడుకు ఇంకో మెట్టు. మా మేనమామల్లో ఆఖరివాడు నాకంటే ఆరేళ్లు చిన్న. చిన్నప్పుడు చెరువులో కలిసి ఈదాం, మా వీధిబడిలో నేనే వాడికి అఆలు దిద్దించాను. అయినా పెళ్లిలో పీటల మీద కూర్చుని నాకు బట్టలు పెట్టింది వాడే, ముసలితనంలోనూ "మావయ్యా" అనాల్సింది నేనే. మీ పట్టికలో మేమిద్దరం ఒక గుంపు. మా ఇంట్లో మాత్రం రెండు తరాలం. ఇంగ్లీషు వాళ్లు ఈ రెంటికీ ఒకటే మాట వాడుకున్నారు, మనం దాన్ని తెచ్చి తరం అని అనువదించి కూర్చున్నాం.

వయసు లెక్క మనకి లేదా అంటే ఉంది, దారి వేరు. పాతవాళ్లు ధాత కరువులో పుట్టాడు అనేవారు. అది 1876. గుంటూరు సీమలో నందన కరువు, 1832. ఏటి పేరే కరువు పేరు. తర్వాత దివిసీమ ఉప్పెన, 1977 నవంబర్. అది కళ్లారా చూసినవాళ్లకి దాని గురించి ఎవరూ పట్టిక వేసి చెప్పనక్కర్లేదు.

హైటెక్ సిటీ హెచ్ఆర్

పెద్దాయనా, మీరు చెప్పినదే నా వాదన కదండీ! ఉప్పెన ఏడు అన్నా, జియో వచ్చిన ఏడు అన్నా ఒకటే. అమెరికా గీతలు వద్దంటే సరే, మనవి మనం గీసుకుందాం. దక్షిణ కొరియా వాళ్లు "386 తరం" అని పెట్టుకున్నారు. అప్పటికి ముప్పైల్లో ఉండి, 80ల్లో కాలేజీ చదివి, 60ల్లో పుట్టినవాళ్లన్నమాట. కంప్యూటర్ చిప్ నంబరు మీద చమత్కారం. చైనాలో పదేళ్లకొకటి చొప్పున "80 తర్వాతివాళ్లు", "90 తర్వాతివాళ్లు". దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయిన 1994 తర్వాత పుట్టినవాళ్లకి వేరే పేరు. ఇంకో మాట. 2025 సెప్టెంబర్‌లో నేపాల్‌లో కుర్రాళ్లు జెన్ జీ అన్న పేరుతోనే వీధుల్లోకి వచ్చి ప్రధానిని దింపారు. పేరు ఎక్కడిదైతేనేం, వాళ్లు తమదనుకున్నారు. అప్పుడది నిజం కాదని అనగలమా?

కరీంనగర్ అక్క

జెండా మీద పేరు నిజమే కావొచ్చు సార్. మా ఇంటి లెక్క వినండి. నేను 1988, మా తమ్ముడు 1990. వాణ్ణి ఇంగ్లిష్ మీడియంలో వేసిండ్రు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన కొత్తల బీటెక్ చేసిండు. నేను జిల్లా పరిషత్ బడి, పదిహేడేళ్లకు పెండ్లి. మా ఆయన మస్కట్ పోతే మాట్లాడాలంటే ఎస్‌టీడీ బూత్ ముందు లైన్ల నిలబడేదాన్ని. నాకంటూ ఫోన్ వచ్చింది జియో తర్వాత, 2017ల. మా ఇద్దరినీ మిలీనియల్స్ అంటే, "కంప్యూటర్‌తో పెరిగిన తరం" అన్న మాట నాకు ఎట్ల కలుస్తది? రెండేళ్ల తేడా మాది. ఇంట్లో ఆడపిల్ల, మగపిల్లాడు అన్న గీత ఏ ఏడాది గీత కన్నా లోతుగా ఉంది.

గణాంకం

అక్కా, మీరు చెప్పింది హెచ్ఆర్ గారు పట్టుకొచ్చిన మాన్‌హైమే ఒప్పుకున్నాడు. నగరంలో మార్పు తాకిన కుర్రాళ్లు, అదే వయసులో మారుమూల పల్లెలో ఉన్న రైతు పిల్లలు నిజానికి ఒక తరం కాదన్నాడు. ఒకే ఏడు పుట్టడం అవకాశం మాత్రమేనట. మాన్‌హైమ్‌ని తెచ్చేవాళ్లు మొదటి సగం చదివి మూసేస్తారు. (హెచ్ఆర్ గారూ, కోపం వద్దు.)

నేపాల్ మాట ఒప్పుకుంటాను. రాజకీయాల్లో పేరు పనిచేస్తుంది. పనిచేస్తుంది కదా అని 1997 మీద గీత నిజమైపోదు. ఆ ఊరేగింపులో 1995లో పుట్టినవాణ్ణి ఎవరూ వెనక్కి పంపి ఉండరు.

2004 మోడల్

2025 జనవరి 1న మిజోరంలోని ఐజ్వాల్‌లో అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డని దేశంలో మొదటి జెన్ బీటా అని వార్తల్లో రాశారు. ముందు రోజు రాత్రి పుట్టి ఉంటే ఆల్ఫా. నొప్పులు కూడా క్యాలెండర్ చూసి రావాలి కాబోలు.

హైటెక్ సిటీ హెచ్ఆర్

సరే, ఆఫీసు స్లైడ్లలో వయసు వేసి, పేర్లు తీసేస్తాను. కానీ రేపు మేనేజర్ "ఇందులో జెన్ జీ ఏది" అని అడిగితే గణాంకం గారి నంబరే ఇస్తాను.

ఒంగోలు మాస్టారు

అందరికీ దండాలు. నిన్న రాత్రి అమ్మని మళ్లీ కదిపాను. "ఉప్పెన ఏటికి మీ అక్క ఇంకా పాలు తాగే పిల్ల. నువ్వు ఆ తర్వాత మూడేళ్లు దాటాక, మినుము ఇంటికొచ్చే రోజుల్లో" అంది. మాఘమాసమే, లెక్క సరిపోయింది. ఇవాళ ట్రైనింగ్ వాళ్లు ఫారం పంపారు, మీ జనరేషన్ దగ్గర టిక్ పెట్టమని. జెన్ ఎక్స్‌కే పెట్టాను. అమ్మ లెక్క రాస్తే సర్వీసు రిజిస్టర్‌తో తేడా వచ్చి, ఎవరో ఒకరు సంజాయిషీ అడుగుతారు.