పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో ఎయిర్ పంపు: వీడియోల్లో చూపించేది నమ్మొచ్చా?

తణుకు_శీను
మా పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ తలుపు, లోపలి ప్లాస్టిక్ పోయాయి కానీ కంప్రెసర్ బాగానే ఉంది. పాత సామాన్లవాడు ఇస్తానన్నది ఆటో కిరాయికి కూడా రాదు. ఒక వీడియోలో ఆ కంప్రెసర్ పైపులు బ్లేడుతో కోసి, ఖాళీ గ్యాస్ సిలిండర్‌కి కలిపి, బండి టైరుకు గాలి కొట్టి చూపించాడు. కిటికీ గ్రిల్స్‌కి స్ప్రే పెయింట్ కూడా వేసుకోవచ్చట. కింద కామెంట్లలో కొందరు సూపర్ అంటున్నారు, కొందరు ఇల్లు తగలబడుతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

కాపర్‌పైపు
శీను గారూ, ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ముందు అది చదవండి. ఆర్-600ఏ అని ఉంటే లోపలున్న చల్లబరిచే గ్యాస్ ఐసోబ్యూటేన్, వంటగ్యాస్‌కి దగ్గర చుట్టం. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే. అయినా తలుపులేసిన గదిలో పైపు కోసి, వెంటనే దానికే అతికించే గ్యాస్ టార్చ్ మంట పెడితే మంట అంటుకోవడానికి అది చాలు. గ్యాస్ అంతా పోయిందనుకున్నాక కూడా ఆయిల్‌లో కరిగి ఉన్నది మెల్లగా బయటికొస్తూనే ఉంటుంది. ఆర్-134ఏ అయితే మండదు, కానీ గాల్లోకి వదలడం తప్పు. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైనే.

ఇక ఆయిల్ సంగతి. ఫ్రిజ్‌లో అయితే గ్యాస్‌తో పాటు వెళ్లిన ఆయిల్ చుట్టూ తిరిగి కంప్రెసర్‌కే వస్తుంది. గాలి పంపుగా పెడితే పోయింది పోయినట్టే. మీ గ్రిల్ పెయింట్ మీద ఆ ఆయిల్ తుంపరలు పడి గుంటలు ఏర్పడతాయి, కొన్నాళ్లకు కంప్రెసర్ జామ్ అవుతుంది. పది నిమిషాల వీడియోలో ఇది కనపడదు కదా!

షెడ్డు_బాబాయ్
కాపర్‌పైపు తమ్ముడూ, నువ్వు చెప్పినవన్నీ నిజమే. కానీ అవి జాగ్రత్తలు, వద్దనడానికి కారణాలు కావు. బొమ్మలకు ఎయిర్‌బ్రష్‌తో (చిన్న స్ప్రే గన్) రంగులేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఫ్రిజ్ కంప్రెసర్లు వాడుతున్నారు, చప్పుడుండదని. ఆయిల్‌కి ఫిల్టర్ పెట్టాలి. ట్యాంకుకి ప్రెషర్ మరీ ఎక్కువైతే గాలి వదిలేసే సేఫ్టీ వాల్వ్, ప్రెషర్ నిండితే మోటారు ఆపే ప్రెషర్ స్విచ్ ఉండాలి. మోటారు ఆగగానే పైపులోని ప్రెషర్ దిగిపోయే ఏర్పాటు కూడా కావాలి. లేకపోతే మళ్లీ స్టార్ట్ అవ్వదు, గుర్రుమని, మోటారు కాలకుండా కరెంటు ఆపే ఓవర్‌లోడ్ కొట్టేస్తుంది. కరెంటు పోయి వస్తే స్టెబిలైజర్ కొన్ని నిమిషాలు ఆగి ఫ్రిజ్‌కి సప్లై ఇచ్చేది ఇందుకే. ప్రతిదానికీ ప్రమాదం అంటూ కూర్చుంటే మన పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా నేర్చుకోరు.

కాపర్‌పైపు
బాబాయ్, మీరు చెప్పినవాటిలో ఆ వీడియోలో ఎన్ని ఉన్నాయి? ఒక్కటీ లేదు. మీలాంటివాళ్లకు ఆ వీడియో అక్కర్లేదు, తెలియనివాళ్లే చూస్తారు. అసలు ట్యాంకు గురించి ఎవరూ మాట్లాడరేం? వంటగ్యాస్ సిలిండర్ మనది కాదు, కంపెనీది. డిపాజిట్ కట్టి వాడుకుంటున్నాం, అంతే. ఖాళీ అనుకున్న దాంట్లోనూ గ్యాస్ మిగిలి ఉంటుంది, దానికి వెల్డింగా! పైగా బండి టైరుకు 30 పీఎస్ఐ చుట్టూ చాలు. గాలి పోయే దారి మూసుకుపోతే ఈ కంప్రెసర్ దానికి ఎన్నో రెట్లు ప్రెషర్ ఎక్కించేస్తుంది.

సబ్‌స్టేషన్_రావు
కంప్రెసర్ దగ్గర మీ ఇద్దరిదీ న్యాయమే. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పాత మైక్రోవేవ్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ తీసి, చెక్క మీద మెరుపుల డిజైన్ కాల్చే వీడియోలు చూశారా? దాని సెకండరీలో (కరెంటు బయటికిచ్చే వైపు చుట్ట) దాదాపు 2000 వోల్టులు, మనిషిని చంపడానికి సరిపోయినంత కరెంటు. విదేశాల్లో ఎంతోమంది పోయారు. ఇంట్లో ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపే స్విచ్) ఉందిగా, ట్రిప్ అవుతుందనుకుంటారు. అవ్వదు. అది మెయిన్స్‌లో వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ తేడా చూస్తుంది. సెకండరీలో మనిషి గుండా పోయే కరెంటు దానికి తెలియదు. అమెరికాలో చెక్క పనివాళ్ల సంఘం తమ కార్యక్రమాల్లో దీన్ని నిషేధించింది. దీనికి మాత్రం బాబాయ్ జాగ్రత్తలు పనికిరావు.

నైట్‌షిఫ్ట్_రమ్య
రావు గారూ, దీనికి ఇంకో ముక్క ఉంది. 2022లో ఆస్ట్రేలియా యూట్యూబర్ ఆన్ రియర్డన్ ఇదే ప్రమాదమని వీడియో పెడితే, యూట్యూబ్ ఆమె హెచ్చరికనే తీసేసింది. నేర్పించే వీడియోలు మాత్రం అప్పుడు అలాగే ఉన్నాయి. జనం గోల చేశాక ఆమెది తిరిగి పెట్టారు. బాబాయ్ గారూ, నేర్చుకోవడం ఆగకూడదన్నారు, ఒప్పుకుంటా. కానీ నేర్పేవాడు సేఫ్టీ వాల్వ్ ఖర్చు కలిపితే "ఫ్రీ కంప్రెసర్" అని టైటిల్ పెట్టలేడు. అందుకే ఆ భాగం కట్ చేస్తాడు.

షెడ్డు_బాబాయ్
మైక్రోవేవ్ విషయంలో రావు గారికే నా ఓటు. అది ముట్టుకోకండి. కంప్రెసర్ మీద నా మాట నాదే.

తణుకు_శీను
చూశాను, స్టిక్కర్ మీద 600ఏ అనే ఉంది. గ్యాస్ తీయించడానికి మెకానిక్ ఎంత అడుగుతాడు?

కాపర్‌పైపు
తీయించాక ఫిల్టర్, వాల్వ్, సరైన ట్యాంకు కూడా కొనాలి, అవన్నీ కలిపి లెక్కేసుకోండి. టైర్లకే అయితే బండి బ్యాటరీకి పెట్టుకునే చిన్న పంపు దొరుకుతుంది. గ్రిల్స్‌కి బ్రష్ చాలు, మరీ స్ప్రేనే కావాలంటే పెయింటర్‌ని పిలవండి. ఫ్రిజ్‌ని మాత్రం పైపులు కోయకుండా అలాగే ఇచ్చేయండి.