అప్‌డేట్: పాంపేయి ఐసిస్ గుడిలో ఏది ఎక్కడిది?

ఇటలీలోని ప్రాచీన రోమన్ నగరం పాంపేయిలో ఉన్న ఐసిస్ దేవత గుడిలో ఈజిప్టు ఎంత, గ్రీకు ఎంత అని అడిగాను కదా, మీ జవాబులతో లెక్క తేలింది. దేవత ఈజిప్టుది. ఎత్తైన అరుగు, ముందువైపు మెట్లు రోమన్ పద్ధతి. కొరింథియన్ స్తంభాలు గ్రీకువి. ఈజిప్టు ముద్ర గట్టిగా కనిపించేది ఆవరణలోని చిన్న కట్టడంలో. దాని లోపలి మెట్లు నేలకింద తొట్టి దగ్గరికి దిగుతాయి. నైలు జలంగా భావించే పూజనీరు అక్కడ ఉంచేవారట.

అన్నిటికంటే శాసనం అద్భుతం! క్రీ.శ. 62 భూకంపంలో కూలిన గుడిని పునాదుల నుంచి కట్టించింది 6 ఏళ్ల పొపీడియస్ సెల్సినస్ అని ఉంది. తండ్రి విముక్తి పొందిన బానిస అని చరిత్రకారుల అంచనా. అలాంటివాళ్లకు పదవులు దక్కవు కాబట్టి కొడుకు పేరిట కట్టించాడు, పిల్లాడికి నగరసభలో ఉచితంగా చోటిచ్చారు.

వెళ్లేవాళ్లు గోడచిత్రాల కోసం గుడిలో వెతక్కండి, ముఖ్యమైనవి నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి.