27 వేల కోసం ఇద్దరం ఉరకాలా? ఒక్క జీతంతో బెంగళూరులో బతకొచ్చా?

కుండలహళ్లి కాపురం:
మాది గుంటూరు. ఇక్కడ కుండలహళ్లిలో టూ బీహెచ్‌కే, మెయింటెనెన్స్‌తో కలిపి 38 వేలు. నాకు చేతికి 1.2 లక్షలు, మా ఆవిడకి 58 వేలు. బాబుకి ఏడాదిన్నర. డేకేర్ 16, వంటమనిషి 6, ఆవిడ క్యాబ్ 7, బయటి తిండి 2. మొత్తం 31 వేలు పోగా ఆవిడ జీతంలో మిగిలేది 27.

మొన్న శుక్రవారం మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఇరుక్కుపోయాను. ఆవిడ క్యాబ్ నాకంటే వెనకుంది. డేకేర్ ఏడింటికి మూసేస్తారు, నేను వెళ్లేసరికి ఏడుంబావు. పిల్లలందరూ వెళ్లిపోయారు. వీడొక్కడే బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని గేటు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. లేట్ ఫీజు 200 కట్టి తీసుకొచ్చాను.

ఆవిడని మానేయమందామా అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అనంతపురం కోడలు:
డేకేర్ ఫీజు ఆవిడ జీతంలోంచే ఎందుకు తీసేశారండీ? బాబు ఇద్దరికీ బిడ్డే కదా. మీ పెట్రోలు మాత్రం ఏ లెక్కలోనూ రాలేదు.

నేను 2019లో ఇదే లెక్క వేసుకుని మానేశాను. అప్పుడు నా జీతం 45 వేలు. పాప స్కూల్లో పడ్డాక 2023లో మళ్లీ వెతికితే ప్రతి ఇంటర్వ్యూలోనూ గ్యాప్ గురించే అడిగారు. చివరికి 40 వేలకి చేరాను. నాతోపాటు చేరినవాళ్లు అప్పటికే లీడ్‌లు. పాప మొదటి అడుగులు నేనే చూశాను, అందుకు చింత లేదు. కానీ ఆ నాలుగేళ్లూ కూరగాయలకి కూడా డబ్బులు అడిగాను. మా ఆయన ఏనాడూ కాదనలేదు. అయినా అడగాలిగా!

లెక్కల మాస్టారు:
చేతికొచ్చే జీతం మాత్రమే చూస్తున్నారు. ఆవిడ బేసిక్ 30 వేలనుకుంటే పీఎఫ్ కింద ఆవిడ వాటా 3,600, కంపెనీది ఇంకో 3,600. మానేస్తే ఆ 7,200 కూడా ఆగిపోతుంది. మీ 27 వేలు నిజానికి 34 వేలు.

పన్ను సంగతీ చూడండి. మన దగ్గర భార్యాభర్తలు కలిపి రిటర్ను వేసే పద్ధతి లేదు. 2025-26 కొత్త విధానంలో ఒక్కరికే 24 లక్షల పన్ను ఆదాయం ఉంటే సెస్సుతో 3,12,000 కట్టాలి. అదే ఇద్దరికి చెరో 12 లక్షల జీతాదాయమైతే సున్నా. ఒక్కరే సంపాదించే ఇంటికి చట్టం ఇచ్చే కానుక ఇది.

పల్నాడు పులి:
మా అమ్మ పొలం పనులకెళ్తూనే నలుగుర్ని పెంచింది. ఏ డేకేరూ లేదు, ఏ లెక్కా లేదు.

అనంతపురం కోడలు:
అప్పుడు ఇంట్లో మీ నాయనమ్మ ఉండి ఉంటుంది కదండీ! మా అత్తగారు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వస్తారు, నెలన్నర తిరక్కుండా మావయ్యగారికి వంటెవరు చేస్తారని వెళ్లిపోతారు.

ఆఫీసు క్రెష్‌ల గురించి, అంటే ఉద్యోగుల పిల్లల కోసం కంపెనీ ఏర్పాటు చేసే డేకేర్‌ల గురించి, చెప్పబోయే వాళ్లకి కూడా ఒక మాట. 50 మంది ఉన్న చోట క్రెష్ ఉండాలని 2017లో చట్టం సవరించారు, నిజమే. మా ఆఫీసు వాళ్లు ఒప్పందం కుదుర్చుకున్న క్రెష్ మా ఇంటికి 11 కిలోమీటర్లు.

జయనగర్ వకీలు:
ఇంటిపనికి విలువ లేదనకండి. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు గృహిణికీ ఆదాయం ఉన్నట్టే లెక్కగట్టాలంది. జస్టిస్ ఎన్.వి. రమణ దీని మీద విడిగా తీర్పు రాశారు.

అనంతపురం కోడలు:
పోయాక వేసే లెక్క అది. బతికుండగా ఎవరు వేస్తున్నారు?

వైట్‌ఫీల్డ్ నాన్న:
ఒక్క జీతం అనగానే ఆగేది ఆవిడ ఉద్యోగమేనా? మా ఇంట్లో మానేసింది నేను. తన జీతం ఎక్కువ, నాకు ఓపిక ఎక్కువ. లిఫ్టులో అంకుళ్లు ఇప్పటికీ "వర్క్ ఫ్రమ్ హోమా బాబూ?" అంటారు. మా అమ్మయితే నెల్లూరులో అందరికీ "మావాడు ఏదో బిజినెస్ పెడుతున్నాడు" అని చెప్పేసింది. రెండేళ్లయింది, ఆ బిజినెస్ ఏంటో నాకూ తెలీదు.

డబ్బు సంగతంటారా, కారు అమ్మేశాం. 42 వేల ఇల్లు వదిలేసి కాడుగోడి దాటాక వన్ బీహెచ్‌కేలోకి మారాం, 19 వేలు. తను మెట్రోలో వెళ్తుంది. ఇంటి లోన్ లేదు కాబట్టి కుదిరింది. ఉంటే ఈ ముచ్చట మాకూ లేదు.

కుండలహళ్లి కాపురం:
రాత్రి మా ఆవిడకి ఇవన్నీ చూపించాను. అంతా చదివి, "మానేస్తానని నేనెప్పుడన్నాను?" అంది. నిజమే, అనలేదు. తర్వాత, "నువ్వు వారానికి మూడు రోజులేగా ఆఫీసుకెళ్లేది. మిగతా రెండు రోజులు ఇంట్లోనే ఉండి కూడా వాణ్ణి ఏడింటిదాకా అక్కడెందుకు ఉంచుతున్నాం?" అని అడిగింది. మీటింగ్‌లుంటాయని చెప్పబోయాను. "నాకుండవా?" అంది.

సోమవారం మేనేజర్‌తో మాట్లాడాలి. మంగళ, గురువారాల్లో నాలుగున్నరకి లేచి వెళ్లి తెచ్చుకుంటాను, రాత్రి తొమ్మిది తర్వాత మళ్లీ కూర్చుంటానని.

అన్నా, కాడుగోడి వైపు అడ్వాన్స్ ఎన్ని నెలలు అడుగుతున్నారు?

వైట్‌ఫీల్డ్ నాన్న:
మమ్మల్ని పది అడిగాడు, బేరమాడితే ఆరుకి దిగాడు. కన్నడం వచ్చినవాణ్ణి తోడు తీసుకెళ్లండి.