చూసిన రోజు రాసుకున్న మాటను డిసెంబరులో దిద్దవచ్చునా?

పాతరీలు:
ఈ ఏడాది నేను చూసిన సినిమాలు 41. ప్రతి సినిమా ముగిసిన రాత్రే, నిద్రపోయేలోపు, నోటుపుస్తకంలో నాలుగైదు వాక్యాలు రాసుకోవడం నా అలవాటు. ఇప్పుడు ఆ పద్దులన్నీ వరుసగా చదువుతూ ఉంటే, ఏడు చోట్ల నా మాట నాకే ఒప్పుదల కావడం లేదు. మార్చిలో ఒక యుద్ధ చిత్రాన్ని ఆకాశానికెత్తాను, కాని ఈ రోజు అందులోని ఒక్క దృశ్యం కూడా కళ్లకు కట్టడం లేదు. జూన్‌లో ఒక వృద్ధ దంపతుల కథను చప్పగా ఉందని తోసిపుచ్చాను, కాని దీపం ఆర్పేముందు ఆమె నిద్రపోతున్న భర్త కళ్లద్దాలు తీసి, తుడిచి, మడిచి పక్కన పెట్టే దృశ్యం వారానికొకసారైనా గుర్తుకు వస్తోంది. అయినప్పటికీ ఆ రోజు రాసినది రాసినట్టే ఈ చర్చా వేదికలో పెట్టాలని నా అభిప్రాయం. దిద్దితే అది ఏడాది పొడవునా సినిమాలు చూసినవాడి అనుభవం కాకుండా, డిసెంబరులో కూర్చున్నవాడి తీర్పు అవుతుంది. ప్రస్తుతానికి పేర్ల జాబితా మాత్రమే జతచేశాను. అభిప్రాయాలు మీ మాటలు విన్నాక పెడతాను.

రెండోఆట:
నేను పూర్తిగా విభేదిస్తున్నాను. తెర మీద సినిమా ముగిసినా చూసినవాడిలో అది ముగియదు. ఆ రాత్రి మనం రాసేది సినిమా గురించి కాదు, ఆ పూట మన ఆకలి, అలసట, పక్క సీటులోని మనిషి గురించి. బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 1952 నుంచి పదేళ్లకొకసారి ఉత్తమ చిత్రాల మీద విమర్శకుల చేత ఓటు వేయిస్తోంది. హిచ్‌కాక్ తీసిన ‘వెర్టిగో’ 1958లో విడుదలయింది. 1962 నాటి మొదటి పది చిత్రాలలో అది లేదు, 1972లోనూ లేదు. 1982లో చేరింది, 2012లో మొదటి స్థానానికి వచ్చింది. సినిమా మారలేదు, చూసిన కళ్లు మారాయి. జీవితమంతా సినిమాలతో గడిపినవారికే అన్ని దశాబ్దాలు పట్టినప్పుడు, నిద్రమత్తులో మీరు రాసిన నాలుగు వాక్యాలకు అంత పవిత్రత ఎందుకు?

కొలతబద్ద:
జాబితాలో 17, 33 సంఖ్యల వద్ద ఒకే సినిమా ఉంది. 28వ దాని పక్కన ‘సగంలో ఆపాను’ అని మీరే రాశారు. కాబట్టి 41 సరికాదు. పూర్తిగా చూసిన సినిమాలు 39.

పాతరీలు:
రెండుసార్లు చూస్తే రెండు పద్దులు ఉంటాయి, ఎందుకంటే చూసినప్పటి మనిషి వేరు. ఇక రెండోఆట గారికి నా సమాధానం. కాలం గడిస్తే అభిప్రాయం పరిణతి చెందుతుందని మీరు ధీమాగా చెబుతున్నారు. మనసు అనుభవాన్ని దాచుకునే తీరు గురించి మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ తదితరులు 1990లలో చేసిన ప్రయోగాలలో తేలినదేమిటంటే, గడచినదాన్ని తలచుకునేటప్పుడు మనం అది ఎంతసేపు సాగిందో దాదాపుగా పట్టించుకోము, తీవ్రత పరాకాష్ఠకు చేరిన క్షణాన్ని, చివరి క్షణాన్ని మాత్రమే పట్టుకుని మొత్తానికి విలువ కడతాము. దీన్ని సినిమాకు అన్వయించి చూడండి. రెండు గంటలు నీరసంగా నడిచి, చివరి పది నిమిషాలు గుండె పిండిన చిత్రం డిసెంబరు నాటికి గొప్ప చిత్రమైపోతుంది. మొదటి నుంచి చివరి దాకా సమంగా, నిబ్బరంగా సాగి, ఏ చోటా ఉలిక్కిపడేలా చేయని చిత్రం మరుగున పడుతుంది. నేను జ్ఞాపకం మీద ఆధారపడి పది ఉత్తమ చిత్రాలు ఎంచి చూశాను. అందులో ఆరు చివరి మూడు నెలల్లో చూసినవే. జనవరిలో చూసిన వాటికి నోరు లేదు, వాటి తరఫున మాట్లాడేది ఆనాటి పద్దు ఒక్కటే. న్యూయార్కర్ పత్రికలో 1991 వరకు సమీక్షలు రాసిన పాలీన్ కేల్ ఒక సినిమాను ఒక్కసారే చూస్తానని చెప్పేవారు. మొదటి చూపు మీద అంత నమ్మకం ఉంచినవారూ ఉన్నారు.

చివరివరుస:
నేను ఏడాదికి 200 సినిమాలకు పైగా చూస్తాను. చాలావరకు ఒకటిన్నర రెట్ల వేగంతోనే చూస్తాను. పద్దు రాసే తీరికే లేదు, ఉత్తమమైనవి వాటంతట అవే గుర్తుంటాయి.

రెండోఆట:
చివరివరుస గారూ, దాన్ని చూడడం అనడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ‘సైట్ అండ్ సౌండ్’ 2022 ఓటింగులో మొదటి స్థానం పొందినది షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన ‘జాన్ దీల్మాన్’. దాని నిడివి 201 నిమిషాలు. ఒక గృహిణి వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తుంటే కెమెరా కదలకుండా చూస్తూ ఉంటుంది. ఆ పని పట్టినంత సేపు మనమూ కూర్చోవాలన్నదే ఆ చిత్రం పట్టుదల. మీరు దాన్ని 134 నిమిషాల్లో ముగిస్తే 67 నిమిషాలు మిగులుతాయి నిజమే, కాని ఆ మిగిలిన 67 నిమిషాలే ఆ సినిమా.

చివరివరుస:
నా సమయం నా ఇష్టం. ఆ నిదానం వల్ల సగంలో ఆపేసేవారికంటే వేగంగానైనా చివరి దాకా చూసినవాడు మేలు.

కొలతబద్ద:
పాతరీలు గారు 28వ దాని గురించి ఇంకా బదులివ్వలేదు.

రెండోఆట:
పాలీన్ కేల్ పేరు ఎత్తారు కనుక మరో అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ సంగతి కూడా చెబుతాను. 1993లో ఆయన ‘గ్రౌండ్‌హాగ్ డే’ చిత్రానికి నాలుగింట మూడు నక్షత్రాలు ఇచ్చారు. 2005లో అదే చిత్రాన్ని తన గొప్ప చిత్రాల వరుసలో చేర్చి, మొదట తక్కువ అంచనా వేశానని బాహాటంగా ఒప్పుకున్నారు. అభిప్రాయం మార్చుకోవడం వల్ల ఆయన గౌరవం పెరిగింది తప్ప తగ్గలేదు.

పాతరీలు:
మీరు చెప్పిన ఉదాహరణ నా వాదననే బలపరుస్తోంది. ఆయన రెండో వ్యాసం రాశారు, మొదటిదాన్ని చెరిపివేయలేదు. 1993 నాటి సమీక్ష ఈ నాటికీ చదవవచ్చు. నేను అడుగుతున్నది అంతే: పాత మాట అలాగే ఉండాలి. రాసినదాన్ని చెరిపి, మొదటి నుంచీ అలాగే అనుకున్నట్టు కనబడడం నిజాయితీ కాదు.

నిశాచరి:
నిజాయితీ అనే మాట వచ్చింది కాబట్టి ఇక ఊరుకోలేను. రెండేళ్ల క్రితం ఇదే వేదికలో పాతరీలు గారు ఒక సినిమా గురించి ‘మూడు గంటలు, ఒక్క క్షణమూ ప్రాణం లేదు’ అని రాశారు. అది హాలులో వారమే ఆడింది. మీ అభిరుచి మీద నమ్మకంతో నేను వెళ్లలేదు. ఎనిమిది నెలల తరువాత ఇంట్లో చూశాను. అందులో దాదాపు ముప్పావు గంట చీకటిలో, వాన చప్పుడు మీద, కనబడని మనుషుల మాటల మీద నడుస్తుంది. అది పెద్ద తెర కోసం, చుట్టూ అలుముకునే శబ్దం కోసం తీసిన సినిమా. కిటికీలోంచి వెలుతురు పడుతున్న చిన్న తెర మీద నాకు దక్కింది దాని నీడ మాత్రమే. అయినా ఏడ్చాను. మీరు ఎందుకలా రాశారో అడుగుదామని ఆ పద్దు వెతికితే అది అక్కడ లేదు. దాని స్థానంలో ‘నెమ్మదిగా మనసులోకి ఇంకే అరుదైన చిత్రం’ అని ఉంది. ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో ఒక్క మాట లేదు. ఆ మనిషే ఈ రోజు పాత మాట చెరపకూడదని మాకు పాఠం చెబుతున్నారు.

పాతరీలు:
అవును, మార్చాను. కాదనను. ఆ సినిమాను మళ్లీ చూశాక నా మొదటి వాక్యం చూసి సిగ్గు వేసింది, ఎవరూ గమనించరనుకుని దిద్దాను. దిద్దిన దగ్గరి నుంచి అది నన్ను తొలుస్తూనే ఉంది. ఈ నియమం అందులోంచి పుట్టినదే. కాని ఒక మాట అంటాను, నిశాచరి గారూ: సినిమాకు వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం మీది. నా నాలుగు వాక్యాల మీద అంత భారం మోపడం న్యాయం కాదు.

రెండోఆట:
ఈ విషయంలో నేను పాతరీలు గారి పక్షమే. తనకు అనిపించినది రాసుకునేవాడు ఎవరికీ జవాబుదారీ కాడు. ఇవి సమీక్షలు కావు, వ్యక్తిగత అనుభూతులు. ఎవరి వాక్యం నమ్మి ఎవరు ఏది మానుకున్నారో లెక్క చూడడం మొదలుపెడితే ఎవరూ నోరు విప్పలేరు.

నిశాచరి:
వ్యక్తిగతమైతే నోటుపుస్తకంలోనే ఉంచుకోండి! ఇక్కడ పెట్టిన క్షణం నుంచి దాన్ని ఇంకొకరు చదువుతారు, ఇంకొకరు దాన్ని బట్టి నడుచుకుంటారు. మీరు మొదటి అభిప్రాయం పెడతారా, చివరి అభిప్రాయం పెడతారా అన్నది నాకు అక్కరలేదు. రెండింటిలోనూ మీరు దాచినది ఒకటే: ఆ సినిమాను ఎలా చూశారు? అది చెప్పి ఉంటే మీ వాక్యానికి ఎంత విలువ ఇవ్వాలో నేనే నిర్ణయించుకునేదాన్ని.

మోడరేటర్:
వ్యక్తుల మీదికి పోకుండా విషయం మీద ఉండవలసిందిగా అందరికీ మనవి.

చివరివరుస:
నేను ఎలా చూస్తానో మొదటే చెప్పాను. దానికే నన్ను నిందించారు.

నిశాచరి:
మీరు చెప్పారు. అందుకే మీ అభిప్రాయంతో నాకు పేచీ లేదు.

పాతరీలు:
చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. ఆ పద్దును తిరిగి పెట్టాను. ఇప్పుడు అది ఇలా ఉంది: ‘మూడు గంటలు, ఒక్క క్షణమూ ప్రాణం లేదు. చూసిన విధం: ఫోనులో, నాలుగు ప్రయాణాలలో ముక్కలుగా, చీకటి దృశ్యాలలో తెర మీద నా ముఖమే కనబడుతుండగా. తరువాత చేర్చినది: పెద్ద తెర మీద ఒకే బిగిన చూశాను. మొదటి వాక్యం సినిమాకు వర్తించదు.’ ఈ ఏడాది 41 పద్దులకూ ‘చూసిన విధం’ చేరుస్తున్నాను. 28వది సగంలో ఆపడానికి కారణం సినిమా కాదు, ఆ రోజు వచ్చిన ఒక ఫోను కబురు. కొలతబద్ద గారూ, దాన్ని లెక్కలోంచి తీసివేశాను.

కొలతబద్ద:
అయితే 40. రెండుసార్లు చూసినదాన్ని ఒకటిగా లెక్కపెడితే 39.

రెండోఆట:
నేను ఇలా రాయను. నాకు అనిపించినదే రాస్తాను, అనిపించడం మారితే మళ్లీ రాస్తాను. ఏ గదిలో ఏ కుర్చీలో కూర్చున్నానో విన్నవించుకోవలసి వస్తే నా జాబితా ఇక్కడ పెట్టను.

నిశాచరి:
అది మీ ఇష్టం. పాతరీలు గారూ, ఆ వృద్ధ దంపతుల సినిమాను ఎలా చూశారు?

పాతరీలు:
హాలులోనే చూశాను. కాని మొదటి అరగంటలో మూడుసార్లు ఫోను తీసి చూశాను. కళ్లద్దాల దృశ్యం వచ్చేసరికి అది జేబులో ఉంది.