కళ్ళ కింద సంచులు, జారిన దవడ: ఫిల్లరా, థ్రెడ్సా, సర్జరీనా?

ప్రశ్న:

నమస్తే అండి అందరికీ. నాకు 48 ఏళ్ళు. కళ్ళ కింద సంచుల్లా ఉబ్బి ఉంటుంది, ఎంత నిద్రపోయినా అలసిపోయినట్టే కనిపిస్తాను. ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే గీతలు బాగా లోతుగా పడ్డాయి, దవడ అంచు దగ్గర రెండు వైపులా కండ కిందికి జారింది. ఒక క్లినిక్‌లో నాలుగు సిరంజిల ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్ ఇంజెక్షన్) పడితే అన్నీ సర్దుకుంటాయన్నారు, ఇంకోచోట థ్రెడ్ లిఫ్ట్ (చర్మం కింద దారాలు వేసి పైకి లాగడం) అన్నారు, లంచ్ బ్రేక్‌లో అయిపోతుందట, మరో డాక్టరేమో కళ్ళకి సర్జరీ, ముఖానికి ఫేస్‌లిఫ్ట్ (జారిన ముఖాన్ని కోసి పైకి లాగి కుట్టే సర్జరీ) తప్ప ఇంకేం చేసినా డబ్బు దండగ అన్నారు. ఒకే ముఖానికి ఇన్ని రకాల మాటలేంటో అర్థం కావట్లేదు, ఎవరిని నమ్మాలో తెలీట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

జవాబు:

అండి, నేను స్కిన్ డాక్టర్ని. ఇంజెక్షన్లు చేస్తాను, సర్జరీ చేయను, ఆ సంగతి మనసులో పెట్టుకునే ఇది చదవండి. ఎవరి దగ్గర ఏ పనిముట్టు ఉంటే వాళ్ళు అదే చూపిస్తారు, మీకు జరిగింది అదే. ట్రీట్‌మెంట్ పేరు పక్కన పెట్టి, అసలు మీ ముఖంలో ఏం జరిగిందో ముందు తేల్చుకోండి, ఎందుకంటే గీత పడటానికి కారణాలు వేరు వేరు: కండరం ముడుచుకుని పడేది ఒకటి, లోపల కొవ్వు, ఎముక తగ్గి గుంట పడేది ఒకటి, పైనున్నది కిందికి జారి పడేది ఒకటి, చర్మమే పల్చబడి పడేది ఒకటి. దేనికి మందు దానికే.

ఇంట్లోనే అద్దం ముందు చూసుకోండి. తల కదల్చకుండా కళ్ళు మాత్రం పైకెత్తి చూడండి, సంచి ఇంకా ఉబ్బెత్తుగా కనిపిస్తే అది కంటి గుడ్డు చుట్టూ ఉండే కొవ్వు ముందుకి తోసుకొచ్చింది అనుకోవచ్చు. లైటుకి ఎదురుగా నిలబడితే నలుపు పోయిందంటే అది గుంట వల్ల పడే నీడ. చర్మాన్ని మెల్లగా పక్కకి లాగినా రంగు అలాగే ఉంటే పిగ్మెంటేషన్, అంటే చర్మం రంగే నల్లబడటం, దానికి సర్జరీ గానీ ఫిల్లర్ గానీ ఏమీ చేయలేవు. పొద్దున ఎక్కువ ఉండి మధ్యాహ్నానికి తగ్గితే అది నీరు, అక్కడ హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్ (ఎక్కువగా వాడే జెల్ రకం) పెడితే అదే నీటిని పట్టుకుంటుంది కాబట్టి వాపు పెరిగే ఛాన్స్ ఉంది. తర్వాత వెల్లకిలా పడుకుని అద్దం ముఖం మీదకి పట్టుకుని చూడండి. పడుకోగానే నోటి పక్క గీత, దవడ జారుడు రెండూ చాలా వరకు మాయమైతే మీ సమస్య జారడమే, గుంట తక్కువ అని అర్థం.

ఇప్పుడు నాలుగు సిరంజిల లెక్క. ఒక సిరంజి అంటే మామూలుగా 1 మిల్లీలీటర్. టీస్పూన్ 5 మిల్లీలీటర్లు. అంటే నాలుగూ కలిపినా ఒక టీస్పూన్ నిండదు, అంతటితో జారిన దవడని పైకెత్తడం కుదరని పని. బుగ్గ పైభాగం నిజంగా ఖాళీ అయినవాళ్ళకి అక్కడ కొంచెం పెడితే నోటి పక్క గీత కాస్త తేలికపడుతుంది, అది నేనూ చేస్తాను, బాగుంటుంది. కానీ జారుడుని ఫిల్లర్‌తో దాచాలని చూస్తే ఇంకా ఇంకా పెడుతూ పోవాలి, ముఖం వెడల్పై బుగ్గలు ఉబ్బి మనిషి వేరే ఎవరోలా అయిపోతారు, అలాంటి ముఖాలు మీరూ చూసే ఉంటారు. పైగా ఏడాదికల్లా కరిగిపోతుందని చెప్తారు గానీ స్కానింగ్ చేస్తే కొందరిలో ఏళ్ళ తర్వాత కూడా లోపల కనిపిస్తోంది, కాబట్టి అరిగిపోయిందిలే అనుకుని ప్రతిసారీ కొత్తగా నింపుకోవడం మంచిది కాదు.

కళ్ళ కింద సంచి చుట్టూ ఫిల్లర్ పెట్టి సంచిని కప్పేద్దాం అనేది కూడా గుంట బాగా ఉండి సంచి చిన్నదిగా ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. అక్కడ చర్మం చాలా పల్చన, కాస్త పైపైన పడినా నీలంగా కనబడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే కొవ్వు సంచే అనిపిస్తోంది, దానికి సరైన సమాధానం లోయర్ బ్లెఫరోప్లాస్టీ, అంటే కింది రెప్ప సర్జరీ. అందులో రెండు దారులున్నాయి. కనురెప్ప లోపలి వైపు నుంచి కోసి కొవ్వు తీయడమో, తీయకుండా కింద గుంటలోకి సర్దడమో ఒకటి, దీనికి బయట మచ్చ ఉండదు. రెండోది రెప్ప వెంట్రుకల కింద నుంచి కోయడం, చర్మం కూడా వదులుగా ఉంటే ఇది, అయితే రెప్ప కిందికి లాగినట్టు అయ్యే రిస్క్ దీనిలో ఎక్కువ. మీకు ఏది అనేది చూసి చెప్పాల్సిందే.

థ్రెడ్స్ గురించి ఒక్క మాట. ఎక్కువగా వాడే పీడీఓ అనే కరిగే రకం దారం సుమారు ఆరు నెలల్లో కరిగిపోతుంది. లాగిన ఎఫెక్ట్ మొదటి వారాల్లో బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో వాపు కూడా కలిసి ఉంటుంది, తర్వాత జారిపోతుంది. జారుడు చాలా తక్కువున్న చిన్నవయసు వాళ్ళకి సరేగానీ, మీరు చెప్పేంత జారుడికి నేనైతే వద్దనే అంటాను.

ఇక బొటాక్స్ ఇంజెక్షన్, మీ సంచులు, గీతలు, దవడ జారుడు, ఈ మూడింటిలో దేనికీ పనికిరాదు. అది నరం నుంచి కండరానికి వెళ్ళే సిగ్నల్‌ని ఆపుతుంది, అంతే. కనుబొమ్మల మధ్య గీతలు, నుదుటి గీతలు, నవ్వినప్పుడు కంటి కొసల్లో పడేవి, వీటికి దానంత బాగా పనిచేసేది లేదు, అమెరికాలో 2002లోనే కనుబొమ్మల మధ్య గీతలకి అనుమతి వచ్చింది. మూడు నాలుగు రోజుల్లో మొదలై రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలుంటుంది. ఇంకో విషయం, ఒక బ్రాండ్ యూనిట్లు ఇంకో బ్రాండ్ యూనిట్లతో సమానం కాదు, కాబట్టి ఎక్కువ యూనిట్లు ఇస్తున్నాం అని చెప్పి చవక అని చూపిస్తే బ్రాండ్ పేరు అడగండి.

ఇంకొకరు:

మేడం, నేను కంటి కింద సర్జరీ చేయించుకున్నా, లోపలి వైపు నుంచి. నొప్పి పెద్దగా లేదు, కానీ కమిలిపోయిన రంగు, వాపు మాత్రం గట్టిగానే ఉంటాయి, రెండు వారాలు ఎవరికీ ముఖం చూపించాలనిపించదు, పెళ్ళి లాంటిది ఉంటే ఆ డేట్‌కి బాగా ముందే పెట్టుకోండి. కళ్ళు పొడిబారినట్టు, ఇసుక పడ్డట్టు ఉంటుంది, డ్రాప్స్ వేసుకుంటూ ఉండాలి. వాపు పోయాక కూడా అసలు షేప్ రావడానికి నెలలు పట్టింది. సంచులు పోయాయి, అది నాకు చాలా సంతోషం. చర్మం రంగు నలుపు మాత్రం అలాగే ఉంది, అది పోదని మా సర్జన్ ముందే చెప్పారు కాబట్టి బాధ అనిపించలేదు. మీరు కూడా ఏది పోతుంది ఏది పోదు అని సూటిగా అడిగి పేపర్ మీద రాయించుకోండి.

ప్రశ్న అడిగినావిడ:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పడుకుని అద్దంలో చూశా, మీరన్నట్టే దవడ జారుడు మొత్తం పోయింది, గీత కూడా సగం పోయింది. మరి ఫేస్‌లిఫ్ట్ అంటే భయంగా ఉంది, అందులో కూడా మినీ, డీప్ ప్లేన్ అని ఏవేవో అంటున్నారు. ఇంకో డౌట్, మా ఫ్రెండ్ పర్మనెంట్ ఫిల్లర్ పెట్టించుకుంటే మళ్ళీ మళ్ళీ ఖర్చు ఉండదు కదా అంటోంది. ఫిల్లర్ వల్ల చూపు పోతుందని కూడా విన్నాను, నిజమేనా?

జవాబు:

ముందు భయపడాల్సినదాని గురించి చెప్తాను. నిజమే, అరుదు గానీ నిజం. ముఖం మీది రక్తనాళాలు కొన్ని కంటికి వెళ్ళే నాళాలతో కలిసి ఉంటాయి. సూది పొరపాటున నాళంలోకి వెళ్ళి ఫిల్లర్ ఒత్తిడితో లోపలికి పడితే వెనక్కి ప్రయాణించి కంటికి రక్తం ఇచ్చే నాళం దాకా పోయి దాన్ని మూసేయవచ్చు. కనుబొమ్మల మధ్య, ముక్కు, నుదురు, ఈ చోట్లే ఎక్కువ కేసులు. మన సొంత కొవ్వు తీసి ఎక్కించినా ఇదే రిస్క్ ఉంది, సహజమైనది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. చూపు తగ్గినా, కంట్లో భరించలేని నొప్పి వచ్చినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

దానికంటే ఎక్కువగా కనిపించేది చర్మానికి రక్తం ఆగిపోవడం. ఇంజెక్షన్ చేసిన చోట పాలిపోయినట్టు తెల్లబడుతుంది, తర్వాత వల అల్లినట్టు ఊదారంగు మచ్చలు వస్తాయి, మామూలు కమిలిన మచ్చకి అంచు అలా వలలా ఉండదు. వేలితో నొక్కి వదిలితే రంగు వెనక్కి రావడానికి ఆలస్యమవుతుంది. నొప్పి గంట గంటకీ పెరుగుతుంది, అయితే మత్తు కలిపిన ఫిల్లర్ అయితే మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు, అందుకే నొప్పి లేదులే అని ఊరుకోకూడదు. రాత్రి పన్నెండైనా డాక్టర్‌కి ఫోన్ చేయాలి, ఫోన్ ఎత్తే డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి.

మీ ఫ్రెండ్ చెప్పినదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్‌ని హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు. పైన చెప్పిన ప్రమాదం వచ్చినా, షేప్ నచ్చకపోయినా వెనక్కి తీసుకునే దారి ఉంది. వేరే రకం ఫిల్లర్లు, కాల్షియం హైడ్రాక్సీఅపటైట్ ఉన్నవి, పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ ఉన్నవి బాగా పనిచేస్తాయి, రెండోది మెల్లగా కొలాజెన్ (చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్) పెంచుతుంది, కొన్ని సిట్టింగ్‌లు కావాలి, కానీ వాటిని అలా కరిగించే మందు లేదు, పెదాల్లో, కళ్ళ కింద పెడితే గడ్డలు కట్టే ఛాన్స్ ఎక్కువ. పర్మనెంట్ ఫిల్లర్ అంటే పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ సన్న పూసలు ఉన్నవి, అవి అక్కడే ఉండిపోతాయి, మీ ముఖం మాత్రం పదేళ్ళలో మారుతుంది, ఏళ్ళ తర్వాత గడ్డ కడితే కోసి తీయాల్సిందే. ద్రవ సిలికాన్ ఎవరైనా ఎక్కిస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

చేయించుకునే ముందు ఇవి అడగండి: హైలురోనిడేజ్ ఇదే గదిలో ఉందా, వేసేది ఎవరు, వాళ్ళ మెడికల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఏంటి, బాక్స్ నా ముందే తెరుస్తారా, బ్యాచ్ నంబర్ స్టిక్కర్ నాకిస్తారా. వీటికి చిరాకు పడే చోట చేయించుకోవద్దు.

ఇక ఫేస్‌లిఫ్ట్. చర్మాన్ని మాత్రమే లాగి కుడితే కొన్నాళ్ళకే సాగిపోయి చెవి దగ్గర మచ్చ వెడల్పవుతుంది. చర్మం కింద స్మాస్ అని ఒక పొర ఉంటుంది, 1976లో దాన్ని వివరంగా రాశారు, అప్పటి నుంచి లాగేది ఆ పొరనే. దాన్ని మడిచి కుట్టేది ఒక పద్ధతి, ఆ పొర కిందకి వెళ్ళి అంటుకున్న బంధాలు విడిపించి మొత్తంగా ఎత్తేది డీప్ ప్లేన్, 1990 నుంచి ఆ పేరుతో ఉంది. మినీ అంటే కోత చిన్నది, దవడ కొంచెం జారినవాళ్ళకి సరిపోతుంది, మెడ కూడా వదులైతే సరిపోదు. ఏది గొప్ప అన్నది సర్జన్లలోనే తేలలేదు, కాబట్టి పేరు చూసి వెళ్ళకండి, ఆ సర్జన్ ఎక్కువగా చేసే పద్ధతి ఏది, ఏడాది దాటిన ఫోటోలు ఉన్నాయా అని చూడండి. నెల రోజుల ఫోటోలో వాపు వల్ల అందరూ బాగుంటారు. ఎక్కువగా వచ్చే ఇబ్బంది చర్మం కింద రక్తం గడ్డకట్టడం, బీపీ కంట్రోల్‌లో లేకపోతే ఇంకా ఎక్కువ. సిగరెట్ ఉంటే నాలుగు వారాల ముందే మానాలి, తర్వాత కూడా అంతే, లేకపోతే చెవి వెనక చర్మం చనిపోవచ్చు. ముఖాన్ని కదిలించే నరానికి దెబ్బ తగలడం అరుదు, తగిలినా ఎక్కువమందికి మెల్లగా తిరిగొస్తుంది.

మీరు కళ్ళ వరకు ముందు చేయించుకుని, ఫేస్‌లిఫ్ట్ సంగతి తర్వాత చూసుకున్నా నష్టమేమీ లేదు. ఈలోగా దవడ దగ్గర ఫిల్లర్ మాత్రం పెట్టించుకోవద్దు, బరువు పెరిగి ఇంకా జారినట్టు కనిపిస్తుంది.

మరొకరు:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ అండి, ముక్కు మీద ఎత్తు ఉంది, ఫిల్లర్‌తో తగ్గుతుందా? నాకు గడ్డం కింద కొవ్వు కూడా ఉంది.

జవాబు:

ఫిల్లర్ ఎక్కడా ఏదీ తగ్గించదు అండి, ఎత్తుకి పైనా కిందా నింపి లైన్ సమం చేస్తారు, పక్క నుంచి చూస్తే నిటారుగా కనిపిస్తుంది, ముక్కు మాత్రం ఇంకొంచెం పెద్దదవుతుంది. రిస్క్ ఎక్కువున్న చోట్లలో ముక్కు ఒకటి అని పైన రాశాను. ఇంతకు ముందు ముక్కు సర్జరీ అయి ఉంటే రిస్క్ ఇంకా ఎక్కువ. తగ్గించాలంటే రైనోప్లాస్టీనే, అంటే ముక్కు సర్జరీ, ఫైనల్ షేప్‌కి ఏడాది ఓపిక పట్టాలి. గడ్డం కింద కొవ్వుకి డీఆక్సీకోలిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉంది, కొవ్వు కణాలు నిజంగానే పోతాయి, అయితే నెలకొకటి చొప్పున కొన్ని సిట్టింగ్‌లు, ప్రతిసారీ గడ్డం కింద బాగా వాపు. కొవ్వు ఎక్కువుండి చర్మం బిగుతుగా ఉంటే లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం) ఒక్కసారితో అయిపోతుంది. చర్మం వదులైతే రెండూ వద్దు, ఖాళీ సంచిలా వేలాడుతుంది.

ప్రశ్న అడిగినావిడ:

అండి, కళ్ళ సర్జరీకే వెళ్దాం అనుకుంటున్నా. నాకు థైరాయిడ్ ఉంది, టాబ్లెట్ వేసుకుంటా. అదేమైనా అడ్డమా? ఆస్పిరిన్ కూడా వాడతాను.

జవాబు:

ఇది ముందే చెప్పాల్సిన విషయం మేడం, మంచి పని చేశారు అడిగి. థైరాయిడ్ వల్ల కూడా కళ్ళ చుట్టూ ఉబ్బుతుంది, కొందరిలో కంటి వెనక కండరాలు, కొవ్వు వాచి కళ్ళు ముందుకొస్తాయి. మీ పాత ఫోటోలు పక్కన పెట్టుకుని చూడండి, కంటి తెల్లగుడ్డు నల్లగుడ్డుకి పైన గానీ కింద గానీ ఇప్పుడు ఎక్కువ కనిపిస్తోందా, కళ్ళు ఎర్రబడి నీరు కారుతున్నాయా, రెండుగా కనిపిస్తోందా అని. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ముందు కంటి డాక్టర్‌కి చూపించాలి. అది థైరాయిడ్ కంటి జబ్బే అయితే పూర్తిగా నెమ్మదించి కనీసం ఆరు నెలలు కదలకుండా ఉన్నాకే రెప్పల సర్జరీ చేస్తారు. ఏమీ లేకపోయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) రిపోర్ట్ కొత్తది చేయించి సర్జన్‌కి ఇవ్వండి. ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు, ఎందుకు రాశారో ఆ డాక్టర్‌ని, సర్జన్‌ని ఇద్దరినీ అడిగి వాళ్ళు చెప్పిన రోజు ఆపండి, లేదా ఆపొద్దంటే కొనసాగించండి. చేపనూనె, విటమిన్ ఈ క్యాప్సూల్స్ వాడుతుంటే అవి కూడా చెప్పండి, చాలామంది అవి మందులు కావనుకుని చెప్పరు. కంటికి ఇంతకు ముందు లేజర్ చేయించుకుని ఉన్నా, కళ్ళు పొడిబారే సమస్య ఉన్నా అదే చీటీలో రాసి పట్టుకెళ్ళండి.